ఎదుటివాళ్ల డైలాగ్

నటన శిక్షణలో చేరిన కొత్త విద్యార్థుల ముందు మొదటి రోజు చేసిన ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ నేల మీద బోలెడు చోటుంది. మైకు లేకుండానే మాట్లాడతాను. వినబడకపోతే చెయ్యెత్తండి.

పొద్దున మీలో పద్దెనిమిది మంది తలా ఒక సీన్ చేసి చూపించారు. ఏ సీనైనా సరే, మీ ఇష్టం అన్నాం. పద్దెనిమిది మందీ ఒంటరిగా చేసే సీనే ఎంచుకున్నారు. కోపం బాగుంది, ఏడుపు బాగుంది, కొందరి గొంతు చాలా బాగుంది. కానీ ఒక్కరు కూడా పక్కవాళ్లను పిలిచి "కాస్త నాకు ఎదురుగా నిలబడి క్యూ ఇస్తావా" అని అడగలేదు. క్యూ అంటే మన డైలాగుకు ముందు ఎదుటివాళ్లు అనే మాట. తప్పు పట్టడం లేదు. నటన అంటే మనం మాట్లాడటం, మనం ఏడవడం అనుకునే అందరం మొదలుపెడతాం. నేనూ అలాగే మొదలుపెట్టాను. ముప్పై ఏళ్లుగా టీవీలో పనిచేస్తున్నాను. ఇన్నేళ్లలో నాకు పని తెచ్చిపెట్టినవి మాత్రం ఎక్కువగా నేను మాట్లాడని షాట్లే. ఇవాళ ఆ సంగతి చెప్పాలనే వచ్చాను.

పంతొమ్మిదేళ్ల వయసులో ఒక చిన్న నాటక బృందంలో చేరాను. నా మొదటి వేషం రెండే పాత్రలున్న నాటికలో. మూడు రోజుల్లో నా డైలాగులన్నీ కంఠతా పట్టేశాను. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేదాన్ని. నాలుగో రోజు మాస్టారు వచ్చి "డైలాగులు వచ్చాయా?" అన్నారు. "మొత్తం వచ్చేశాయండీ" అన్నాను. "అయితే అవతలి పాత్ర డైలాగులు చెప్పమ్మా" అన్నారు. నాకు నోరు పెగల్లేదు. అవతలి డైలాగుల్లో చివరి రెండేసి మాటలు మాత్రమే తెలుసు నాకు, ఎందుకంటే అవి నా క్యూలు.

ఆయన కోప్పడలేదు. నెల రోజులు నన్ను రిహార్సల్‌లో ప్రాంప్టర్ కుర్చీలో కూర్చోబెట్టారు. నా పాత్ర ఇంకో అమ్మాయి చేస్తుంటే నేను స్క్రిప్టు పట్టుకుని ఇద్దరికీ మాట అందించేదాన్ని. మొదటి వారం లోలోపల ఉడికిపోయాను. రెండో వారంలో ఒక చోట ఆగిపోయాను. "నాకేం తెలియదు, నన్నడక్కండి" అని ఒక డైలాగుంది. నేను దాన్ని ఎప్పుడూ అరిచే చెప్పేదాన్ని. ఆ అమ్మాయి కూడా అరిచే చెబుతోంది. కానీ దానికి ముందు అవతలి పాత్ర అడిగే ప్రశ్న చాలా మెల్లగా ఉంది, బతిమాలుతున్నట్టుంది. అంత మెల్లగా అడిగిన మనిషి మీద ఎవరైనా ఎందుకు అరుస్తారు? అప్పటిదాకా ఆ అనుమానమే రాలేదు నాకు, ఎందుకంటే ఆ ప్రశ్నను నేను ఒక్కసారి కూడా వినలేదు. నెల తర్వాత వేషం మళ్లీ నాకిచ్చారు. ఆ డైలాగు దగ్గరికి వచ్చేసరికి నా గొంతు దానంతటదే తగ్గిపోయింది. మాస్టారు ఏమీ అనకుండా తర్వాతి సీన్‌కి వెళ్లారు. ఆయన ఏమీ అనకపోవడమంటే బాగుందని అర్థం.

మన నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగు విధాలుగా చెప్పింది. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. ఒళ్లు, మాట, వేషం, లోపలి భావం. టీవీలో ఆహార్యం మన చేతిలో పెద్దగా ఉండదు, మేకప్ వాళ్లు, కాస్ట్యూమ్ వాళ్లు చూసుకుంటారు. ఇక్కడ మొదటి ఆరు నెలలు మీరు కుస్తీ పట్టేది ఆంగిక వాచికాలతోనే. వెల్లకిలా పడుకుని పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి లెక్కపెడతారు. శ, ష, స తేడా తెలిసేలా, ల, ళ తేడా తెలిసేలా, ఒత్తులు మింగకుండా పలికిస్తాం. గది ఈ మూల నుంచి ఆ మూలకు నడిపిస్తాం, మళ్లీ నడిపిస్తాం. విసుగొస్తుంది. "మైకు చొక్కాకే పెడతారు కదా మేడమ్, గొంతు సాధన ఎందుకు" అని ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. మైకు చిన్న గొంతును పెద్దది చేస్తుంది. అలసిపోయిన గొంతును బాగుచేయలేదు. పొద్దున ఏడింటికి మొదలైన ఏడుపు సీన్‌లో మీ క్లోజప్ సాయంత్రానికి రావచ్చు. అప్పటికి గొంతు బొంగురుపోతే పొద్దున తీసిన దానికీ దీనికీ అతకదు.

సాత్త్వికం మాత్రం ఇలా కసరత్తుతో వచ్చేది కాదు. కన్నీళ్లు రప్పించుకోవడానికి, వణుకు తెచ్చుకోవడానికి చిట్కాలు చాలామంది చెబుతారు. నాకు వాటి మీద నమ్మకం లేదు. ఎదుటిమనిషి మాట నిజంగా చెవిన పడితే లోపల ఏదో కదులుతుంది. ఆ కదలికకు ఒళ్లూ గొంతూ అడ్డం పడకుండా వాటిని వంచి, సాగదీసి సిద్ధం చేసుకోవడానికే ఆ ఆరు నెలలు.

ఒక్క నిమిషం చరిత్రలోకి వెళ్లొద్దాం. 1928 సెప్టెంబర్ 11న అమెరికాలోని షెనెక్టడీ నుంచి ఒక నాటకం టీవీలో ప్రసారమైంది. టీవీ నాటకాల్లో మొదటిదిగా దాన్నే చెబుతారు. చూసే తెర మూడంగుళాలు. అప్పటి కెమెరా ఒక మొహాన్నో, ఒక జత చేతుల్నో పట్టగలదు, అంతకు మించి పట్టలేదు. అందుకని రెండు పాత్రలకు నలుగురు పనిచేశారు. ఇద్దరు మొహాలూ గొంతులూ ఇచ్చారు, ఇంకో ఇద్దరు చేతులిచ్చారు. రెండు కెమెరాలు మొహాల మీద, మూడోది చేతుల మీద, వస్తువుల మీద. నాకు ఆ చేతులిచ్చిన ఇద్దరి మీదే మనసు పోతుంది. వేరే మనిషి మొహం మాట్లాడుతుంటే ఆ మాట బరువుకు తగ్గట్టు వీళ్ల వేళ్లు కదలాలి. చెవి పెట్టి వినకపోతే అది ఎలా కుదురుతుంది? దాదాపు వందేళ్లయింది. ఇవాళ్టికీ మనల్ని ముక్కలుగానే తీస్తారు. మొహం ఒకసారి, చెయ్యి ఒకసారి, వీపు ఒకసారి. ముక్కలు ముక్కలుగా ఉన్నప్పుడు కూడా ఒకే మనిషిలా ఉండగలగాలి మనం.

ఆ తర్వాత చాలా ఏళ్లు టీవీ నాటకాలు లైవ్‌గానే వెళ్లేవి. తప్పు జరిగితే సరిదిద్దే దారి లేదు. 1958 నవంబర్ 30 రాత్రి బ్రిటన్‌లో అలాంటి ఒక లైవ్ నాటకం నడుస్తోంది. గారెత్ జోన్స్ అనే నటుడు రెండు సీన్ల మధ్య ఉన్నట్టుండి కుప్పకూలాడు. గుండెపోటు. ప్రాణం పోయింది. వయసు ముప్పై మూడు. కథలో అతని పాత్రకు కూడా గుండెపోటు రావాలి. ప్రసారం నడుస్తూనే ఉంది. మిగతా నటులు ఆ పాత్ర రాకపోవడాన్ని అప్పటికప్పుడు కథలో సర్దుకుంటూ నాటకాన్ని చివరిదాకా తీసుకెళ్లారు. ఈ సంగతి నేను మొదటిసారి చదివినప్పుడు చాలాసేపు ఇంకేమీ చదవలేకపోయాను. తోటి నటుడు పడిపోయాడు, కెమెరా మీద ఎర్ర దీపం వెలుగుతోంది. ఆ పరిస్థితిలో మనిషిని నిలబెట్టేది ఏమిటి? తన డైలాగులు మాత్రమే వచ్చినవాళ్లు ఆ రాత్రి ఒక్క నిమిషం కూడా నిలబడలేరు. అతను రాకపోతే ఎవరు ఎవరికి ఏం చెప్పాలో తెలియాలంటే నాటకం మొత్తం వాళ్ల చెవుల్లో ఉండాలి.

ఇప్పుడు లైవ్ లేదు, రీటేక్ ఉంది. పని తేలికైందని అనుకోకండి. నాటకానికి నెల రోజుల రిహార్సల్ ఉంటుంది. రోజూ వచ్చే సీరియల్‌కి సీన్ పేపర్ చాలాసార్లు ఆ పూటే చేతికొస్తుంది. ఒక్కసారి మానిటర్, అంటే రిహార్సల్, చూసుకుంటారు, వెంటనే టేక్. ముందు సీన్ మొత్తం మాస్టర్ షాట్‌లో తీస్తారు. తర్వాత ఒకరి భుజం మీదుగా ఇంకొకరిని తీస్తారు, దాన్ని మనవాళ్లు సజెషన్ అంటారు. ఆఖరికి క్లోజప్‌లు. మీ క్లోజప్ వచ్చేసరికి ఎదుటి ఆర్టిస్ట్ వేరే సెట్‌కి వెళ్లిపోయి ఉండవచ్చు. లైట్ స్టాండ్‌కి అతికించిన ఒక టేపు ముక్కను చూపించి "లుక్ ఇక్కడ మేడమ్" అంటారు. అసిస్టెంట్ డైరెక్టర్ ఎదుటివాళ్ల డైలాగులు గబగబా చదివేస్తుంటాడు. ఆ టేపు ముక్క మీ అన్నయ్య అవ్వాలి, మీకు అన్యాయం చేసిన మనిషి అవ్వాలి. మాస్టర్ షాట్‌లో ఆ ఆర్టిస్ట్ ఏ మాట దగ్గర ఆగాడో, ఏ మాటకు మీ వైపు చూడలేకపోయాడో మీ చెవికీ కంటికీ గుర్తుంటేనే అది జరుగుతుంది. మాస్టర్ షాట్‌లో మీరు మీ గురించే ఆలోచించుకుంటూ నిలబడితే, సాయంత్రం ఆ టేపు ముక్క టేపు ముక్కలాగే ఉంటుంది.

నా మొదటి టీవీ వేషం చెబుతాను. నర్సు. ఒకటే డైలాగు, "డాక్టర్ గారు లోపలున్నారు, మీరు కూర్చోండి." చేతిలో కేస్ షీట్ పెట్టిన అట్ట ఒకటి. మాస్టర్ షాట్‌లో అట్ట ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో కుర్చీ చూపించాను. భోజనాల తర్వాత నా సజెషన్ పెట్టారు. అట్ట కుడి చేతిలోకి ఎప్పుడు వచ్చిందో నాకే తెలియదు. కంటిన్యుటీ చూసే అమ్మాయి "కట్" అంది. మళ్లీ తీశారు. ఈసారి చెయ్యి సరిగ్గా ఉంది, కానీ "కూర్చోండి" అనే మాట దగ్గర చూపించాల్సింది "లోపలున్నారు" దగ్గరే చూపించేశాను. మళ్లీ కట్. సెట్‌లో నలభై మంది ఉన్నారు, అందరూ నా ఎడమ చెయ్యి కోసం ఎదురుచూస్తున్నారు. ఆ టెన్షన్‌లో నాకు వేరే ఏమీ తోచక, ఎదురుగా ఉన్న పెద్దావిడ మొహం చూస్తూ ఉండిపోయాను. ఆవిడ చాలా సీనియర్ ఆర్టిస్ట్. కథలో ఆవిడ కొడుకు లోపల ఉన్నాడు. ఆవిడ నన్ను "బాబు ఎలా ఉన్నాడమ్మా?" అని అడగాలి. అప్పటికి నాలుగోసారి అడుగుతున్నారు. నాలుగోసారి కూడా ఆ "బాబు" అనే మాట దగ్గర ఆవిడ గొంతులో జీర ఉంది. నేను అట్ట సంగతి మర్చిపోయాను. చెయ్యి దానంతటదే సరైన చోటికి వెళ్లింది. షాట్ ఓకే అయింది.

ఆ ఎపిసోడ్ వచ్చిన రోజు ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చున్నాం. నా డైలాగు లేదు. ఎడిటింగ్‌లో తీసేశారు. కానీ ఆవిడ ప్రశ్న అయ్యాక నా మొహం ఉంది, మాట లేకుండా, మహా అయితే నాలుగు సెకన్లు. ఇంట్లోవాళ్లు నన్ను ఓదార్చారు. రెండు వారాల తర్వాత ఆ దర్శకుడి దగ్గర నుంచే ఇంకో వేషానికి పిలుపొచ్చింది. ఈసారి పదకొండు సీన్లు. "ఆ రోజు మీరు విన్నారు" అన్నారాయన. నేను ఇప్పటికీ ఆ మాట గుర్తుపెట్టుకుని బతుకుతున్నాను.

రష్యాలో 1920 ప్రాంతంలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒక ప్రయోగం చేశాడని సినిమా చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. మొజూఖిన్ అనే ప్రసిద్ధ నటుడి మొహం షాట్ ఒకటి తీసుకున్నాడు. దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక, ఒకసారి ఒక స్త్రీ షాట్ అతికించాడు. మొహం అదే. చూసినవాళ్లు మాత్రం ఆకలి ఎంత బాగా నటించాడో, దుఃఖం ఎంత బాగా నటించాడో అనుకున్నారని చెబుతారు. దీన్నిబట్టి కొందరు నటుడు ఏమీ చేయక్కర్లేదు, అంతా ఎడిటింగే అంటారు. నేను ఒప్పుకోను. ఆ ప్రయోగం నాకు చెప్పేది వేరు. చూసేవాళ్లు మన మొహంలో వెతుకుతారు. మనం ముందే "ఇదిగో నా బాధ" అని కనుబొమలు ముడిచి, పెదవి కొరికి నింపేస్తే వాళ్లకు వెతకడానికి ఏమీ మిగలదు. ఖాళీ మొహం కూడా పనికిరాదు. మనసు పెట్టి వింటున్న మొహం ఖాళీగా ఉండదు, నిండిపోయీ ఉండదు.

స్టేజీ నుంచి వచ్చినవాళ్లకు టీవీ సెట్‌లో మొదట వినిపించే సలహా "కాస్త తగ్గించి చెయ్యి" అని. ఈ సలహా చాలామందిని పాడుచేసింది. తగ్గించమంటే గొంతు తగ్గిస్తారు, చేతులు కట్టేసుకుంటారు, దాంతో పాటు ప్రాణం కూడా తగ్గిపోతుంది. స్టేజీ మీద ఆఖరి వరుసలో కూర్చున్నవాళ్లకు చేరాలని మాట్లాడతాం. కెమెరా ముందు ఎదురుగా ఉన్న మనిషికి చేరితే చాలు. దూరం మారింది, అంతే. ఎదురుగా రెండడుగుల్లో ఉన్న మనిషితో నిజంగా మాట్లాడితే గొంతు ఎంత ఉండాలో అంతే ఉంటుంది, ఎవరూ తగ్గించమని చెప్పక్కర్లేదు.

వినడం నేర్పించవచ్చా అంటే, నేర్పించవచ్చు. న్యూయార్క్‌లో 1931లో గ్రూప్ థియేటర్ అని ఒకటి మొదలైంది. రష్యన్ నాటక దర్శకుడు స్తనిస్లావ్‌స్కీ నటన పద్ధతిని అమెరికాలో నిలబెట్టింది వాళ్లే. అందులో లీ స్ట్రాస్‌బర్గ్, స్టెల్లా అడ్లర్, శాన్‌ఫర్డ్ మైస్నర్ ఉన్నారు. స్ట్రాస్‌బర్గ్ నటుడి సొంత జ్ఞాపకాల్ని తవ్వమన్నాడు. అడ్లర్ 1934లో పారిస్ వెళ్లి స్తనిస్లావ్‌స్కీ దగ్గరే కొన్ని వారాలు పనిచేసి వచ్చి, అది కాదు, పాత్ర ఉన్న పరిస్థితిని ఊహించుకోవడం ముఖ్యమంది. పెద్ద గొడవే జరిగింది. మైస్నర్ ఆ తర్వాత నైబర్‌హుడ్ ప్లేహౌస్ అనే నటన స్కూల్లో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పాడు. ఆయన దృష్టి అంతా ఎదుటిమనిషి మీదే. నేను నేర్పేది ఎక్కువగా ఆయన దారిలోనే.

ఆయన కసరత్తు చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరు ఎదుటిమనిషిలో తనకు కనబడ్డది చెప్పాలి. "నీ చొక్కా నీలంగా ఉంది." రెండోవాళ్లు అదే తిప్పి చెప్పాలి. "నా చొక్కా నీలంగా ఉంది." మళ్లీ "నీ చొక్కా నీలంగా ఉంది." అంతే, అదే మాట, పదిసార్లు, ఇరవైసార్లు. పోయిన బ్యాచ్‌లో ఒక అమ్మాయి, ఒక అబ్బాయి చేస్తున్నారు. ఆ అమ్మాయి "నువ్వు చేతులు ముడుచుకున్నావు" అంది. అతను "నేను చేతులు ముడుచుకున్నాను" అన్నాడు. మొదట్లో ఇద్దరూ పాఠం అప్పజెబుతున్నట్టే చెప్పారు. కాసేపటికి అతనికి చిరాకొచ్చింది, గొంతులో తెలుస్తోంది. ఆమె ఆ చిరాకు విని కాస్త తగ్గింది. అదే మాట ఇప్పుడు క్షమించమన్నట్టు వచ్చింది. అతను అది విన్నాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చేతులు విప్పేశాడు. "నువ్వు చేతులు విప్పేశావు" అంది ఆమె, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. గదిలో ఎవరూ కదల్లేదు. అక్కడ రాసిపెట్టిన డైలాగు లేదు, కథ లేదు, ఎవరూ చనిపోలేదు. ఆ ఇద్దరూ ఒకరినొకరు పట్టించుకున్నారు, అంతే. కెమెరాకు కావలసింది అదే.

ఇక ఈ వృత్తిలోకి దారి ఎలా అని మీరందరూ అడుగుతారు. ఒకే దారి లేదు. లండన్‌లో రాడా అనే నటన స్కూలు 1904లో మొదలైంది, మన నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా 1959లో. అలాంటి చోట సీటు వస్తే కళ్లకద్దుకుని వెళ్లండి. మూడేళ్లు వేరే ధ్యాస లేకుండా తోటివాళ్లతో పనిచేసే అదృష్టం తర్వాత మళ్లీ దొరకదు. అమెరికా నటి వయోలా డేవిస్ న్యూయార్క్‌లోని జులియార్డ్ స్కూల్లో చదువుకుని, ఏళ్ల తరబడి స్టేజీ మీద, చిన్నచిన్న వేషాల్లో పనిచేసింది. 2015లో డ్రామా సిరీస్ ప్రధాన నటిగా ఎమ్మీ అనే టీవీ అవార్డు అందుకున్న మొదటి నల్లజాతి మహిళ ఆమే. షారుఖ్ ఖాన్ ఢిల్లీలో బారీ జాన్ నాటక బృందంలో నేర్చుకుని, 1989లో 'ఫౌజీ' సీరియల్‌తో జనానికి తెలిశాడు. లూసిల్ బాల్ పదిహేనేళ్ల వయసులో న్యూయార్క్‌లో నటన స్కూల్లో చేరితే, ఈ అమ్మాయికి నటన రాదని తిప్పి పంపేశారు. 1951లో మొదలైన ఆమె కామెడీ షో ప్రేక్షకుల ముందు మూడు సినిమా కెమెరాలతో తీసేవాళ్లు. ఆ పద్ధతి టీవీ కామెడీకి ఏళ్ల తరబడి దారి చూపించింది.

స్కూలు నుంచి బయటికి వచ్చాక కూడా దారి తిన్నగా ఉండదు. ఇర్ఫాన్ ఖాన్ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చదువుతుండగానే 'సలామ్ బాంబే'కి ఎంపికయ్యాడు. చివరికి 1988లో ఆ సినిమా వచ్చేసరికి మిగిలింది ఉత్తరాలు రాసిపెట్టే మనిషిగా చిన్న వేషం. తర్వాత చాలా ఏళ్లు ఎక్కువగా టీవీ సీరియల్సే. ఆ సీరియల్స్‌లో ఆయన్ని చూడండి. ఎదుటివాళ్లు మాట్లాడుతున్నప్పుడు ఆయన కళ్లు చూడండి. బ్రయాన్ క్రాన్‌స్టన్ సంగతి ఇంకా విచిత్రం. 1998లో 'ఎక్స్ ఫైల్స్' అనే అమెరికా సీరియల్‌లో ఒక్క ఎపిసోడ్ వేషం వేశాడు. దాన్ని రాసిన విన్స్ గిల్లిగన్‌కి ఆ నటుడు గుర్తుండిపోయాడు. పదేళ్ల తర్వాత 'బ్రేకింగ్ బ్యాడ్' సీరియల్ చేస్తూ అతన్నే కావాలన్నాడు. చానల్ వాళ్లు ఒప్పుకోకపోతే ఆ పాత ఎపిసోడ్ వేసి చూపించాడు. ఒక్కరోజు వేషమే కదా అని ఏ వేషాన్నీ తేలిగ్గా చేయకండి. ఎవరు చూస్తున్నారో, ఎవరికి ఎన్నాళ్లు గుర్తుంటుందో మనకు తెలియదు.

ఆడిషన్ గురించి పని జరిగే మాట ఒకటి చెబుతాను. ఇప్పుడు సగానికి పైగా ఆడిషన్లు ఫోన్‌లో తీసి పంపేవే. అందరూ లైటు గురించి, బ్యాక్‌గ్రౌండ్ గురించి కంగారుపడతారు. గోడ శుభ్రంగా ఉంటే చాలు, మొహం మీద వెలుతురు పడితే చాలు, ఛాతీ దాకా ఫ్రేమ్ పెట్టుకోండి. అంతకన్నా ముఖ్యం, ఎదుటి డైలాగులు చదివే మనిషిని జాగ్రత్తగా ఎంచుకోండి. వాళ్లను ఫోన్ పక్కనే, మీ కళ్ల ఎత్తులో కూర్చోబెట్టండి. వాళ్ల గొంతు మీ గొంతును మింగేయకూడదు, అలాగని పేపర్ చదివినట్టు ఉండకూడదు. వాళ్లతో ముందు రెండుసార్లు మామూలుగా మాట్లాడుకున్నట్టు చెప్పుకోండి. కుదిరితే మీ బ్యాచ్‌వాళ్లనే పిలుచుకోండి, రేపు వాళ్ల ఆడిషన్‌కి మీరు చదవండి. పంపేశాక దాన్ని వదిలేయండి. నలభై పంపితే ఒకటి వస్తే అది మంచి లెక్కే. ఇంకో పని ఏదైనా చేతిలో పెట్టుకోండి, అద్దె కోసం భయపడే మనిషి సీన్‌లో ఏమీ వినలేడు. వేషం ఇప్పిస్తామని డబ్బు అడిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మనిషిని ఎంపిక చేసినందుకు డబ్బిచ్చేది నిర్మాత, నటుడు ఇవ్వడు. వేళకాని వేళ, ఆఫీసు కాని చోటుకి ఆడిషన్ అంటే ఒంటరిగా వెళ్లకండి. ఈ మాట అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఇద్దరికీ.

ఏదైనా అడగాలంటే అడగండి.

(వయసు ముప్పై దాటింది, ఆలస్యమైపోయిందా అని ఒకరి ప్రశ్న.)

లేదమ్మా. సురేఖా సిక్రీ గారు తెలుసు కదా? 'చిన్నారి పెళ్లికూతురు'గా మనం చూసిన 'బాలికా వధు'లో ఆ ఇంటి పెద్దావిడ. 1945లో పుట్టారు, ఆ సీరియల్ 2008లో మొదలైంది. లెక్కవేసుకోండి. అంతకు ముందు నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చదివి, అక్కడి రెపర్టరీ నాటక బృందంలో పదేళ్లకు పైగా స్టేజీ మీద పనిచేశారు. టీవీలో వచ్చిన 'తమస్'కి జాతీయ అవార్డు అందుకున్నారు. ఆవిడ కేకలేసిన సీన్లు అందరికీ గుర్తున్నాయి. మీరు వెళ్లి కేకకు ముందు షాట్లు చూడండి. కోడలు ఏదో చెబుతుంటుంది, ఆవిడ ఒక్క మాట అనరు. ఎప్పుడు నోరు తెరుస్తుందా అని ఇంటిల్లిపాదీ భయపడుతుంటారు, మనమూ భయపడతాం. ఆ నిశ్శబ్దం వెనక అన్నేళ్ల స్టేజీ ఉంది. మీకు ముప్పై ఏళ్లంటే, ముప్పై ఏళ్లు మనుషుల్ని విన్నారన్నమాట. అది పనికొస్తుంది.

(సెట్‌లో ప్రాంప్టింగ్ ఉంటుంది కదా, మరి ఎదుటివాళ్లను ఎలా వినాలి అని ఇంకొకరి ప్రశ్న.)

మంచి ప్రశ్న. నేను ప్రాంప్టింగ్‌ను తప్పు పట్టను. రోజుకు అన్ని సీన్లు తీస్తూ, చేతికి అప్పుడే వచ్చిన పేపర్‌తో పనిచేసేవాళ్లకు అది చేయూత. చిక్కు ఎక్కడంటే, మన చెవి ప్రాంప్టర్ దగ్గరకు పోతుంది. కళ్లు ఎదుటిమనిషి మీద ఉంటాయి, వినేది మాత్రం పక్కనుంచి. చూసేవాళ్లకు అది వెంటనే తెలిసిపోతుంది, ఏదో గాజు అడ్డం ఉన్నట్టుంటుంది. నేను చేసేది ఇది. పేపర్ రాగానే, మేకప్ కుర్చీలో ఉండగానే, నా డైలాగులు పక్కన పెట్టి ఎదుటివాళ్లవి చదువుతాను. వాళ్లు నా నుంచి ఏం లాగాలని చూస్తున్నారో పట్టుకుంటాను. అది దొరికితే నా డైలాగులు సగం వాటంతటవే వస్తాయి, ఎందుకంటే నా డైలాగులు వాళ్లకు జవాబులే కదా. ఇక ప్రాంప్టర్ గొంతు నాకు గుర్తుచేయడానికే ఉంటుంది, నా చెవి ఎదుటివాళ్ల దగ్గరే ఉంటుంది. మొదట్లో కుదరదు. నాకు కుదరడానికి మూడేళ్లు పట్టింది.

సరే, టైమైంది. బయటికి వెళ్లేటప్పుడు తలుపు దగ్గర తలా రెండు పేజీల సీన్ ఇస్తారు. ఇద్దరి సీన్. దాని మీద మీ పాత్ర ఏదో రాసి ఉండదు. ఇద్దరి డైలాగులూ నేర్చుకుని రండి. ఎవరు ఎవరు అవుతారో రేపు పొద్దున ఇక్కడికొచ్చాక, ఎదురెదురుగా కూర్చున్నాక చెబుతాను.